ఇసుక తిన్నె మీద రెండు గంటలు

ధరణి ఆ మనిషి ఊసు మొదటిసారి ఎత్తింది శామీర్‌పేట చెరువు కట్ట మీద.

కారు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలాక ఆమె మళ్లీ మామూలుగా నడవాలని జనార్ధన్ రోజూ సాయంత్రం అలియాబాద్ నుంచి అక్కడికి తీసుకొచ్చేవాడు. తలకు స్కార్ఫు కట్టుకుని, అతని భుజం పట్టుకోకుండా, మెల్లగా నడిచేది. ఆ రోజు కాల్చిన మక్కబుట్ట సగం తిని, నీళ్ల వైపు చూస్తూ ఆగిపోయింది.

"అండమాన్ల నీళ్లు గిట్లుండయి. అద్దం లెక్కుంటయి," అంది. "చిన్న పడవ. ఆరుగురమే ఉంటిమి. కండ్లకు అద్దాలు, నోట్ల గొట్టం పెట్టుకొని సముద్రంల దిగినం. నాకు మస్తు భయమైంది. మావోడు నా చెయ్యి ఇడవలే."

జనార్ధన్ నోట్లోని గింజలు నమలడం మరిచిపోయాడు.

ఇరవై ఏళ్లు కాపురం చేసిన తనను ఈ మధ్య ‘మీరు’ అంటోంది. ఆ మనిషి మాత్రం ‘మావోడు’.

అది పదకొండేళ్ల కిందటి మాట. అప్పటికే వాళ్ల పెళ్లయి తొమ్మిదేళ్లు. ఆ వారం జనార్ధన్‌కు బాగా గుర్తుంది.

తర్వాత రోజుకో ముక్క బయటపడుతూ వచ్చింది. ఆ మనిషి సన్నగా, చలాకీగా ఉండేవాడట. నెత్తినిండా జుట్టట. నవ్వితే పడవంతా నవ్వేదట. ఫోను హోటల్ గదిలోనే పారేసి వచ్చి, పొద్దంతా తన ముఖమే చూస్తూ కూర్చున్నాడట. చెప్తున్నంతసేపూ ధరణి ముఖంలో దీపం పెట్టినట్టుండేది.

జనార్ధన్ జేబులో ఫోను మోగుతూనే ఉండేది. మేడ్చల్‌లో ప్లాట్లు చూడ్డానికి వచ్చినవాళ్లు. ఒకప్పుడైతే ధరణి మాట మధ్యలోనే లేచి వెళ్లేవాడు. ఇప్పుడు కట్ చేసి, కూర్చుని వినేవాడు. ఇంటికొచ్చి అద్దంలో తన బట్టతలా, బొజ్జా చూసుకునేవాడు. ఆ మనిషిని పట్టుకుని నాలుగు పీకాలనిపించేది.

ఒక సాయంత్రం ధరణి అడిగింది. "నన్ను ఆడికి పట్టుకపోతరా? మావోడు ఆడనే ఉంటడు."

అతను సరేనన్నాడు.

ఆమె వైద్యం పూర్తయ్యేలోపు దుండిగల్ దగ్గర ఈత కొలనులో చేరాడు. రాత్రి అన్నం మానేశాడు. ఏడు కిలోలు తగ్గాడు. ఆ మనిషితో పోటీకి దిగుతున్నానని తెలుసు. గెలవలేనేమోనని కూడా తెలుసు.

అండమాన్‌లో ఈసారీ పడవలో ఆరుగురే. వీళ్లిద్దరూ, కొత్తగా పెళ్లయిన ఒక జంట, ఇద్దరు అక్కచెల్లెళ్లు. పడవ నడిపే అతను అందరికీ అద్దాలూ గొట్టాలూ ఇచ్చాడు. జనార్ధన్ ఫోను హోటల్ గదిలోనే వదిలేసి వచ్చాడు. ఆ సంగతి ధరణి గమనించలేదు.

నీళ్లలోకి దిగాక పగడాల మధ్య నుంచి పసుపు చారల చేపలు గుంపుగా వచ్చాయి. జనార్ధన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ధరణి మర్యాదగా విడిపించుకుని, పడవకు కట్టిన తాడు పట్టుకుంది. నీళ్లలో ఏడిస్తే ఎవరికీ తెలియదని అతనికి అప్పుడే తెలిసింది.

నీళ్లు వెనక్కి తగ్గగానే సముద్రం మధ్య తెల్లటి ఇసుక తిన్నె తేలింది. రెండు గంటలు ఇక్కడే ఉండొచ్చు, తర్వాత మునిగిపోతుంది అన్నాడు పడవతను. కొత్త జంట ఫొటోలు తీసుకుంటోంది. అక్కచెల్లెళ్లు తువ్వాళ్లు పరుచుకుని పడుకున్నారు. ధరణి కొసకు వెళ్లి కూర్చుంది. దూరంగా ఏ పడవ కనబడినా లేచి నిలబడేది. అది అటే వెళ్లిపోతే మళ్లీ కూర్చునేది.

జనార్ధన్ అనాస ముక్కలు తెచ్చి ఇచ్చి, పక్కన కూలబడ్డాడు.

ధరణి ఒక ముక్క తిని, ఇబ్బందిగా అంది. "మీరు మంచోల్లు. నాకోసం గింత దూరమొచ్చిండ్రు. గని మావోడొస్తే జర పక్కకు కూసోండ్రి. ఆయనకు అనుమానం గాదు గని, నాకే బాగుండది."

అతను లేచి నాలుగడుగులు జరిగి కూర్చున్నాడు. ఇన్ని నెలల్లో అతనికి ఎన్నడూ ఇంత ఈర్ష్య కలగలేదు. ఆ మనిషి చేసిందేముంది? ఒక్కరోజు ఫోను పక్కన పెట్టి, ఒక ఆడమనిషి చెయ్యి పట్టుకున్నాడు. అంతే. ఆ ఒక్కరోజుతో ఆమె గుండెలో ఇల్లు కట్టుకుని కూర్చున్నాడు. తర్వాత జనార్ధన్ కొనిచ్చిన నగలు గానీ, కట్టించిన మూడంతస్తుల ఇల్లు గానీ ఆ రోజుకు సాటి రాలేదు.

గంటన్నర గడిచింది. తిన్నె అంచులు నీళ్లలోకి కరుగుతున్నాయి. పడవతను అందరినీ రమ్మని చెయ్యి ఊపాడు. ధరణి కదల్లేదు.

"జరసేపు ఆగుమనుండ్రి," అంది. "వస్తడు."

జనార్ధన్ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఒక్క ప్రశ్న మాత్రం అడిగే ధైర్యం చేయలేదు. జవాబు ఎలా ఉంటుందోనని భయం. ఇప్పుడు అడిగాడు.

"మీవోని పేరేంది?"

కట్టుకున్నవాడి పేరు నోటితో అనకూడదని సిగ్గుపడి, ధరణి తడి ఇసుక మీద వేలితో మెల్లగా ‘జనార్ధన్’ అని రాసింది.