నక్క పెట్టిన రెండు బుట్టలు

చెరువు గట్టున నక్క రెండు బుట్టలు పెట్టింది. సాయంత్రానికి నీళ్లు పెరిగితే మొదటి బుట్టలో వేసిన వేరుశనక్కాయలు రెట్టింపవుతాయి, తగ్గితే గల్లంతు. రెండో బుట్ట దీనికి తలకిందులు.

"చిన్న జంతువులు ఈ పందెం ఆడాలంటే ముందు నా పరీక్ష పాసవ్వాలని రూలు పెడదామనుకుంటున్నా," అంది అడవికి పెద్ద అయిన ఏనుగు.

ఉడుతకి ఒళ్లు మండింది. "ఏం తాతా, బుర్ర మీ ఒక్కరికే ఉందా?" అంటూ వానాకాలానికి దాచుకున్న కాయలు సగం ఇందులో, సగం అందులో పోసింది. "పెరిగినా నాదే, తగ్గినా నాదే!"

సాయంత్రం ఒక బుట్ట నిండింది, ఇంకోటి ఖాళీ అయింది. నక్క మాత్రం రెండు బుట్టలకీ తన కూలి కింద కొన్ని కాయలు తీసేసుకుంది. మిగిలిన కాయలు చూసి ఉడుత మొహం వేలాడేసింది.

"ఇప్పుడేమంటావే?" అంది ఏనుగు.

"రూలు పెట్టండి తాతా. కాకపోతే ఎల్లుండి నుంచి. పోయినవి రేపు రాబట్టుకోవాలిగా!"