ఇద్దరికి ఇద్దరు

"అయితే నన్ను తోలేస్తుండావన్నమాట," అన్నాడు పోలేరయ్య, కోవూరులో బస్సు దిగి కాలు కింద పెడుతూనే.

వెనకే కామాక్షయ్య దిగాడు. జువ్వలదిన్నె చెడుగుడు జట్టుకు అతనే పెద్ద. చుట్టుపక్కల సముద్రపొడ్డు పల్లెల చేతిలో నాలుగేళ్ళుగా ఓడీ ఓడీ తల ఎత్తుకోలేకుండా ఉన్నాడు. ఈ ఎండాకాలం పందేల్లో కూడా ఓడితే జట్టు ఎత్తేయమని ఊరిపెద్దలు తెగేసి చెప్పారు. అందుకే ఈ బేరం. పాతకాపులు పోలేరయ్యనూ, మస్తానయ్యనూ పందేలు అయ్యేదాకా ఇక్కడి రైతుల జట్టుకిచ్చి, బదులుగా ఇద్దరు కుర్రాళ్ళను తీసుకుపోవాలి. పద్దెనిమిదేళ్ళు పక్కన నిలబడి ఆడినవాణ్ణి ఇచ్చేయడం కామాక్షయ్యకూ ఇష్టం లేదు. కానీ అలసిపోయాడు. చేపలు పడని వల లాగినట్టు, ఓడిపోవడం కూడా మనిషిని అరగదీస్తుంది.

"తోలెయ్యడం ఏందన్నా? రెండు నెల్లే గదా."

"ముసిలెద్దును సంతకు తోలేవాడూ దానికి అదే చెప్తాడురా."

"పదండి, ఎండెక్కుతుండాది," అని మస్తానయ్య ముందు నడిచాడు. అతనికి ఏ ఊరి అన్నమైనా ఒకటే.

రైతుల జట్టు పెద్ద జయరామయ్య కళ్లంలో చెట్టు కింద మంచం వేయించుకుని కూర్చున్నాడు. నూర్పులు అయిపోయాయి. దిమ్మిస కొట్టి గట్టిపరచి అలికిన ఆ నేల మీదే వాళ్ళ ఆట.

"మాకు కుర్రకారుకు కొదవ లేదబ్బయ్యా," అన్నాడు జయరామయ్య. "కాలు దొరికితే ఎట్ట పట్టాలో నేర్పే పెద్దోడే ల్యాడు. ఇదిగో, వీళ్ళిద్దర్నీ చూసుకో. నచ్చితేనే తీసకపో."

రంగనాయకులు, వాడి తమ్ముడు గీత దగ్గరికి వచ్చారు. ఇద్దరికీ ఇరవై నిండలేదు. రంగనాయకులు కూత పెట్టి గీత దాటాడు. పోయింది తెలీదు, వచ్చింది తెలీదు. అవతల నలుగురు భుజాలు తడుముకుంటూ బయటికి నడిచారు. తమ్ముడూ అంతే. కామాక్షయ్యకు నాలుగేళ్ళ అలసట సగం దిగిపోయింది. ఆలోచించకుండా చెయ్యి చాపాడు. ఆకూవక్కా చేతులు మారాయి. ఇక ఆ మాట వెనక్కి పోదు.

"అట్టాగే మీ పెద్దోడిదీ ఒక కూత చూద్దాం," అన్నాడు జయరామయ్య, తమాషాకి.

"ఈ మోకాళ్ళతో కూతేంది సామీ," అని గొణిగాడు పోలేరయ్య. ఒడ్డు పల్లెలు దాటి అతను ఇన్నేళ్ళలో ఒక్క ఆట ఆడి ఎరగడు. అయినా పంచె ఎగ్గట్టాడు.

కామాక్షయ్య మొహం తిప్పుకున్నాడు. కొత్తవాళ్ళ ముందు పోలేరన్న బోర్లాపడటం చూడలేడు. కూత వినపడింది. తరువాత ఒక్కసారిగా కేకలు లేచాయి. తిరిగి చూస్తే, పోలేరయ్య ఐదుగుర్ని తట్టి గీత ఇవతల నిలబడి ఉన్నాడు. కూత ఇంకా ఆగలేదు. జయరామయ్య మంచం మీంచి లేచేశాడు. పోలేరయ్య మాత్రం తన కాళ్ళను తనే వింతగా చూసుకుంటున్నాడు.

కామాక్షయ్యకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి పట్టి పక్కకు లాగాడు.

"ఈ పరుగు మనూళ్ళో యాడ దాచిపెట్టినావు?"

"పోలేరమ్మ తోడు, నాకూ తెలీదురా. కాళ్ళు వాటంతటవే పొయ్యినాయి."

"తెలీదా! ఊరి పరువు పోతా ఉంటే ఏళ్ళ తరబడి కుంటినావు. వీళ్ళ వరన్నం వాసన తగలంగానే కాళ్ళొచ్చినాయా? నీలాంటోణ్ణి నమ్మినందుకు నన్ను నేను తన్నుకోవాల. ఇంక మా గడప తొక్కబాక."

పోలేరయ్య కళ్ళు నిండాయి. బయలుదేరుతున్న కుర్రాళ్ళ దగ్గరికి వచ్చి మెల్లిగా చెప్పాడు.

"మా కామాక్షికి కోపం జాస్తి, మనసు మంచిది. ఒక మాటంటే పడండి నాయనా."

కామాక్షయ్య వినపడనట్టు నడిచాడు. బస్సులో దారిపొడుగునా పళ్ళు నూరుతూనే ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళ స్నేహం ఇంతేనా అనుకుంటే దుఃఖం కూడా వచ్చింది. పక్కనున్న కుర్రాళ్ళ పిక్కలు చూసుకుని మనసు సముదాయించుకున్నాడు. పీడ వదిలింది, ఈసారి గెలుపు మనదే.

జువ్వలదిన్నె చేరేసరికి పొద్దు వాలుతోంది. కబురు ముందే పాకినట్టుంది, ఊరంతా ఒడ్డుకు వచ్చింది. పెద్దలు తలగుడ్డలు చుట్టుకుని వరసగా కూర్చున్నారు.

"వచ్చినారు మన కోడెగాళ్ళు!" అన్నాడు కామాక్షయ్య, చాలా రోజుల తరువాత గొంతు పెంచి. "ఒక కూత పెట్టబ్బయ్యా, మావోళ్ళు చూడాల."

"ఆడే చోటేదన్నా?" అడిగాడు రంగనాయకులు.

"ఇదే," అని కామాక్షయ్య మడమతో గీత గీశాడు.

రంగనాయకులు కూత పెట్టి ఉరికాడు. మూడో అడుగుకు కాలు చీలమండ దాకా దిగబడింది. నాలుగో అడుగుకు మోకాళ్ళ మీద పడ్డాడు. లేచి మళ్ళీ ఉరికాడు, మళ్ళీ పడ్డాడు. ఎవరూ నవ్వలేదు. వాడు రొప్పుతూ లేచి, మూతికంటిన ఇసక తుడుచుకుని, కామాక్షయ్య మొహంలోకి అమాయకంగా చూశాడు.

"పోలేరన్న ఇన్నేళ్ళూ పరిగెత్తింది ఈ ఇసకలోనా అన్నా?"