కప్ప మింగిన గాలి

ఆ పెరట్లో ఆకు కదలడం లేదు. ఉక్కకు తాళలేక కుక్క నాలుక మోకాళ్ళదాకా వేలాడేసింది. కోడిపెట్ట రెక్కలు విడదీసుకుని కనబడ్డవాళ్ళనల్లా తిడుతోంది. నీళ్ళకుండ కిందున్న బోదురుకప్పకు మాత్రం పెళ్ళివారిల్లులా ఉంది. గాలినిండా తేమే, ఒంటితోనే నీళ్ళు తాగుతున్నట్టుంది! గొంతు పూరీలా ఉబ్బించి ఒకటే గెంతులు.

"దొంగ దొరికాడు!" అని అరిచింది కోడిపెట్ట. "ఆ ఉబ్బిన గొంతు చూడండి! గాలంతా వీడే మింగాడు. కక్కరా, వెధవా!"

"కక్కకపోతే కరుస్తా," అంది కుక్క రొప్పుతూ.

కప్పకు నవ్వాగలేదు. గాలి ఇంత తడిగా ఉంటే వాన ఎంతో దూరం లేదని దాని చర్మానికి తెలుసు. "సరే, కాచుకోండి!" అని బెకబెకమంది. నిజంగానే చల్లగాలి రివ్వున కొట్టింది, వెనకే వాన. ముగ్గురూ కలిసి చిందులేశారు. ఆ ఊపులో ఇదంతా తన పనేనని కప్పకే నమ్మకం కుదిరిపోయింది.

తెల్లారినా వాన ఆగలేదు. కోడిపెట్ట తడిసి ముద్దై వచ్చింది.

"కప్ప బావగారూ, ఇక చాలు. ఆ గాలి మళ్ళీ మింగెయ్యరూ?"

కప్ప గంభీరంగా నోరు తెరిచి, గుటుక్కున మింగింది. ఓ దోమ లోపలికి పోయింది.

"మొదలుపెట్టాను మరదలా," అంది, "కాస్త ఓపిక పట్టు."