పోస్టు డబ్బా దాకా

కవరు మీద గోధుమరంగు వేలిముద్రలు పడ్డాయి.

"ఏమనుకోకమ్మా," అన్నాడు పోస్టుమాన్ హెల్మర్, రోడ్డు పక్క పోస్టు డబ్బా దగ్గర కారు దిగకుండానే ఉత్తరం అందిస్తూ. "నాకో రైఫిల్ వచ్చింది. యుద్ధంలో మిగిలిపోయిన సరుకు, పోస్టులో తెప్పించుకున్నా. జింకని కొడితే రెండో తూటా అక్కర్లేదు. కాకపోతే తుప్పు పట్టకుండా గ్రీజు పూసి పంపుతారు. నిన్నంతా తోమినా వదల్లేదు. మా ఆవిడ నన్ను తలుపు కూడా ముట్టుకోనివ్వలేదు. బంగాళాదుంపలు తనే నోట్లో పెట్టింది, పసిపిల్లాడికి పెట్టినట్టు."

ఆర్డిస్ నవ్వలేదు. "నన్ను ఊళ్లో దింపుతారా?" అంది.

హెల్మర్ ఆమె ఇంటివైపు చూశాడు. చుట్టూ మంచు కప్పిన గోధుమ పొలాలు. ఆ ఒక్క ఇల్లు.

"పోస్టు కారులో మనిషిని ఎక్కించుకుంటే నా ఉద్యోగం పోతుందమ్మా. రూలు ఒప్పదు."

నార్త్ డకోటాలో ఆ ఇంటి నుంచి ఊరు పదకొండు మైళ్లు. శీతాకాలానికి ముందు ఆర్డిస్ ఒకసారి నడిచి బయల్దేరింది. వంతెన చేరకముందే ఆమె భర్త క్లేటన్ పికప్‌లో వచ్చి ఎక్కించుకున్నాడు. ఆ వారమే ఇంట్లో టెలిఫోన్ పీకేశాడు. పికప్ ఇంజిన్‌లో రోటర్ అని బొటనవేలంత ముక్క ఉంటుంది. అది లేకపోతే బండి కదలదు. అప్పట్నుంచి దిగిన ప్రతిసారీ దాన్ని ఊడదీసి, ఒంటిమీది ఓవరాల్ పనిబట్టల ఛాతీ జేబులో, సిగరెట్ల పక్కన వేసుకునేవాడు. ఆ జేబు మీద ఇంకెవరి చెయ్యీ పడకూడదు.

ఆ రాత్రి భోజనం దగ్గర ఆర్డిస్ చెప్పింది. "నక్కలు మళ్లీ కోళ్లని ఎత్తుకుపోయాయి. పాత తుపాకీ గొట్టం పగిలిపోయె. పోస్టులో చవగ్గా వస్తున్నాయట."

"నీ చేతికి తుపాకీ ఇచ్చేంత పిచ్చోడిలా కనిపిస్తున్నానా?"

"నా చేతికి కాదు. కోళ్లూ నావి కావు."

క్లేటన్ ఆలోచించాడు. పంది మాంసం ముక్క నమిలి మింగాడు. "రాయి. అన్నింట్లోకీ చవకది. పొట్టిది," అన్నాడు. అతను ఆరో తరగతిలో బడి మానేశాడు. ఆ ఇంట్లో ఉత్తరాలు రాసేది ఆమే.

మర్నాడు పోస్టు డబ్బా దగ్గర హెల్మర్ కారు బానెట్ మీద కేటలాగు పరిచాడు. అందులో నాలుగు రకాల రైఫిళ్లున్నాయి. ఆర్డిస్ అతన్ని ఒక ప్రశ్న అడిగింది. అతను కాసేపు గడ్డం గోక్కుని మూడో బొమ్మ మీద వేలు పెట్టాడు. ఆమె దానికే రాసింది.

"తూటాలు పోస్టులో రావు. రైల్లో విడిగా తెప్పించుకోవాలి," అన్నాడు హెల్మర్. అని, గొంతు తగ్గించాడు. "అమ్మా, అలాంటివాడి ఇంట్లోకి తుపాకీ దేనికి?"

"నక్కల కోసం," అంది ఆర్డిస్.

మార్చిలో పెట్టె వచ్చింది. క్లేటన్ దాన్ని పశువుల కొట్టంలోకి మోసుకెళ్లి మూత ఊడగొట్టాడు. లోపల మైనపు కాగితం, కాగితం లోపల గ్రీజు. రైఫిల్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

"చవకది రాయమంటే ఇదా? గునపంలా ఉంది!" అని తిట్టాడు. అయినా వదల్లేదు. ముక్కలుగా విప్పాడు. ఆర్డిస్ కెటిల్‌తో మరిగే నీళ్లు తెచ్చి గొట్టంలో పోసింది. చలిగాలి రాకుండా కొట్టం తలుపు వేసింది. గ్రీజు అతని మోచేతుల దాకా ఎక్కింది. గొట్టం మెరవడం మొదలుపెట్టింది.

క్లేటన్ దాన్ని ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. ముందు దూలాన్ని. తర్వాత ఆమెను.

"ఈ గుమ్మంలో నిలబడి కొడితే పోస్టు డబ్బా దాకా అందుతుంది. తూటాలు రానీ. అప్పుడు నడుద్దువుగాని ఎంత దూరం నడుస్తావో."

ఆర్డిస్ ఖాళీ కెటిల్ పట్టుకుని నిలబడింది.

"చూస్తావేం? సిగరెట్ తీసి ముట్టించు. నా చేతులు చూడు ఎలా ఉన్నాయో."

ఆమె అతని ఛాతీ జేబులో చెయ్యి పెట్టింది. సిగరెట్ తీసి అతని పెదాల మధ్య ఉంచి, వెలిగించింది.

"ఇంకో కెటిల్ తెస్తాను," అని వెళ్లి, తలుపు మళ్లీ వేసింది.

కాసేపటికి క్లేటన్‌కి బానెట్ మూసిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంజిన్ చప్పుడు. పరిగెత్తుకెళ్లి తలుపు పిడి పట్టుకున్నాడు. అరచేయి జారింది. రెండు చేతులతో పట్టుకుంటే రెండూ జారాయి. గడ్డిలో చేతులు తుడుచుకుని, మోచేత్తో పొడిచి ఎలాగో తలుపు తెరిచేసరికి పికప్ వంతెన దాటుతోంది.

మర్నాడు అతను పోస్టు డబ్బా దగ్గర కాచుకుని ఉన్నాడు. గోళ్లలో ఇంకా గోధుమరంగు ఉంది.

"నన్ను ఊళ్లో దింపు, హెల్మర్."

"రూలు ఒప్పదు, క్లేటన్."

క్లేటన్ కారు చక్రాన్ని తన్నాడు. "అసలు ఆ గునపాన్ని ఎందుకు రాయనిచ్చావ్? పక్కనే ఉన్నావుగా. దానికి తుపాకుల గురించి ఏం తెలుసు?"

"ఏమీ తెలీదు. నన్ను ఒక్కటే అడిగింది."

"ఏమని?"

హెల్మర్ గేరు వేశాడు.

"'వీటిల్లో దేనికి గ్రీజు ఎక్కువ పూసి పంపుతారు?' అని."