బ్యారన్‌లో బుసలు

"పక్కకు తప్పుకో అక్కా. ఈ రోజు మొదటి చెక్క ఊడాల్సిందే!"

గునపం భుజాన వేసుకుని డెంజిల్ పొగాకు ఆరబెట్టే పాత చెక్క బ్యారన్ ముందు నిలబడ్డాడు. ఆర్లీన్ తలుపుకు అడ్డంగా నిలబడింది. చేతులకు మొక్కజొన్న పిండి ఇంకా అలాగే ఉంది.

"ఊడబీకు నాయనా, ఎవరొద్దన్నారు? లోపల ఎర్రతల రాబందు పిల్లలు రెండున్నాయి. అవి ఎగరకముందు గూడు కదిలిస్తే గవర్నమెంటు వాళ్ళు నీ తాట తీస్తారు."

"రాబందులకు కూడా చట్టమా?"

"యాభై ఏళ్ళుగా కెంటకీలో ఉంటున్నావు, ఆమాత్రం తెలీదూ?"

డెంజిల్ గునపం దించాడు. "ఇందులో పొగాకు వేలాడి పన్నెండేళ్ళయింది. పాత చెక్క కొనే ఆయనకు వేసవి దాటకుండా ఇస్తానని మాటిచ్చాను. లెక్సింగ్టన్‌లో హోటల్ గోడలకు కొట్టుకుంటారట."

"పిల్లలు ఎగిరిపోయాక నీ ఇష్టం. బ్యారన్ నీదే కదా."

అనేసింది గానీ ఆర్లీన్ తలుపు దగ్గర్నుంచి కదల్లేదు. ఆ రాబందుల జంట మూడేళ్ళుగా ప్రతి వసంతంలోనూ ఇక్కడికే వస్తోంది. పొద్దున్నే కాఫీ పట్టుకుని చెక్కల సందులోంచి వాటిని చూడకపోతే ఆమెకు తెల్లారినట్టే ఉండదు. వచ్చే ఏడు బ్యారన్ లేకపోతే అవి రెండు చుట్లు తిరిగి, చూసి, వెళ్ళిపోతాయి.

డెంజిల్ ఆగలేక తలుపు తీసి లోపలికి అడుగు పెట్టాడు. నేలంతా ఎండిన పొగాకు ముక్కలు. మూలన, మసి గిన్నెలో మూతి పెట్టిన గొర్రెపిల్లల్లా రెండు తెల్లటి ఉండలు. వాటికి గొంతు పెగలదు, బుస కొట్టడమే మాట. రెండూ కాళ్ళు నేలకేసి కొట్టి 'బుస్స్...' అన్నాయి. ఒకటి ముందుకు వంగి డెంజిల్ బూటు మీద భళ్ళున కక్కింది.

"ఛీ ఛీ! ఏం కంపే బాబూ!"

"అది బిస్కట్. పక్కది గ్రేవీ."

"టిఫిన్ పేర్లు పెట్టావా వీటికి?" అంటూ ముక్కు మూసుకుని పంపు దగ్గరకు పరిగెత్తాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం గునపంతోనే వచ్చేవాడు. వచ్చి ముందు సందులో కన్ను పెట్టేవాడు.

"అక్కా, గ్రేవీకి నల్ల ఈకలొచ్చాయే! మెడకు మాత్రం తెల్ల మఫ్లర్ ఉంచుకుంది."

ఇంకో వారం బిస్కట్ రెక్కలు టపటపలాడిస్తూ పాత బండి మీంచి దూకి బోర్లా పడితే పొట్ట పట్టుకుని నవ్వాడు. అక్క చూస్తోందని గ్రహించి వెంటనే మొహం ముడుచుకున్నాడు.

"తినడం వచ్చు గానీ ఎగరడం రాదు వెధవలకి. నా పని ఆగిపోతోంది."

ఆగస్టు వచ్చింది. మొదటి శనివారం సందు మీద గోనెసంచి కొట్టి ఉంది.

"ఇదేంటి?"

"పిల్లలకు చలిగాలి కొడుతోందని."

"ఆగస్టులోనా?"

"నీకేం తెలుసు? అవి ఇంకా ఎగరలేదు. కోపం కూడా ఎక్కువైంది, తలుపు తీయకు. ఇక్కడే నిలబడి విను. పొయ్యి మీద రొట్టె మాడిపోతోంది, నే వస్తా." ఆర్లీన్ ఇంట్లోకి వెళ్ళింది.

కాసేపటికి లోపలి నుంచి 'బుస్స్...' అని వినిపించింది. డెంజిల్ బూట్లు చూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంకాసేపటికి ఆర్లీన్ రొప్పుతూ వచ్చింది.

"విన్నావా?"

"విన్నాను. నీ జుట్టులో పొగాకు ముక్క ఉంది అక్కా."

"గాలికి వచ్చి పడుంటుంది."

ఆ రోజు ఆకు కూడా కదలడం లేదు. డెంజిల్ మాత్రం గునపం తీసుకుని వెళ్ళిపోయాడు. మరుసటి శనివారమూ అదే తంతు.

మూడో శనివారం ఆర్లీన్‌కు పన్ను పీకించుకోక తప్పలేదు. డాక్టర్ దగ్గరికి బయల్దేరుతుంటే డెంజిల్ ఫోన్ చేశాడు.

"అక్కా, చెక్క కొనే ఆయన ఈ రోజు లారీతో వస్తున్నాడు."

టౌన్‌లో పళ్ళ డాక్టర్ కుర్చీలో పడుకున్నా ఆమె ప్రాణమంతా బ్యారన్‌లోనే ఉంది. బిస్కట్, గ్రేవీ ఎగిరిపోయి మూడు వారాలయింది. అప్పట్నుంచీ వెనక చెక్క తప్పించి లోపల దూరి బుసలు కొడుతున్నది తనే. ఈ రోజు ఎవరు కొడతారు? కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. నొప్పి అనుకుని డాక్టర్ ఇంకో ఇంజెక్షన్ పొడిచాడు.

మొద్దుబారిన బుగ్గతో బండి తోలుకొచ్చింది. మలుపు తిరగ్గానే బ్రేకు తొక్కింది.

బ్యారన్ నిలబడే ఉంది. వసారాలో డెంజిల్ నిన్నటి మొక్కజొన్న రొట్టె మజ్జిగలో ముంచుకుని తింటున్నాడు.

"లారీ రాలేదా?"

"వచ్చింది, పోయింది. ఆయన తలుపు మీద చెయ్యి వేశాడో లేదో లోపల ఒకటే బుసలు! బూట్ల మీద కక్కుతాయని ముందే చెప్పి ఉంచాను. ఆయనవి కొత్త బూట్లు. ఇంకో బ్యారన్ చూసుకుంటానని పారిపోయాడు. ఏం చేస్తాం, పిల్లలింకా ఎగరలేదుగా."

"మరి ఆయన తలుపు దగ్గరున్నప్పుడు నువ్వెక్కడున్నావు?"

"నేనా? నీ పొయ్యి మీద రొట్టె మాడుతుంటే చూడ్డానికి వెళ్ళాను."

ఆర్లీన్ పొద్దున్నుంచి పొయ్యే వెలిగించలేదు. సరిగా కదలని పెదవులతోనే నవ్వి, వంగి, తమ్ముడి నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"నీ జుట్టులో పొగాకు ముక్క ఉందిరా."