మూడు చుట్లు, ఒక మడత

“ఇవ్వను,” అన్నాడు ఎలక్ట్రీషియన్. చేతిలోని టెస్టింగ్ మీటరు ఇంకా కుయ్ కుయ్ అంటూనే ఉంది.

ఇంటివాళ్ళలో పెద్దవాడు, అన్న, ఒంటికాలి మీద లేచాడు. “ఇదేం చోద్యమయ్యా! వైరింగు చేసింది నువ్వే. అయిపోయిందన్నదీ నువ్వే. ఆ మాటే సర్టిఫికెట్ మీద రాసి సంతకం పెట్టడానికి నీకేం నొప్పి?”

“ఇల్లింకా రెండు కాలేదు సార్. మీ వైపు న్యూట్రల్ తీగ, మీ తమ్ముడుగారి వైపు న్యూట్రల్ తీగ ఎక్కడో కలిసున్నాయి, అందుకే ఇది కూస్తోంది. మీరు మీ మెయిన్ ఆపేసి, కరెంటు లేదు కదా అని ఆ తీగ పట్టుకున్నారనుకోండి, వాళ్ళ కరెంటొచ్చి మిమ్మల్ని పట్టుకుంటుంది. ఆ పాపం నాకొద్దు.”

అన్నదమ్ములిద్దరూ ఒకప్పుడు ముచ్చటపడి కలిసి కట్టుకున్న ఇల్లు. ఇప్పుడు ముందు సగం అన్నది, వెనక సగం తమ్ముడిది. ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ ఇస్తేనే రెండు కరెంటు మీటర్లు వస్తాయి. మీటర్లు వేరైన రోజే నడిమి గుమ్మానికి గోడ కట్టేయాలని ఒప్పందం. దానికోసం తెచ్చిన ఇటుకలు హాల్లోనే పేర్చి ఉన్నాయి. వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకి తగులుతున్నాయి.

అన్నదమ్ములు పనులకి వెళ్ళిపోయారు. ఇక తోడికోడళ్ళతో తలనొప్పి మొదలైంది. వాళ్ళిద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. గుమ్మానికి ఇటొకరు, అటొకరు నిలబడి, మధ్యలో స్టూలెక్కిన ఎలక్ట్రీషియన్ మీదుగా పోట్లాడుకుంటారు.

“మా తీగ మా వైపే ఉండాలని ఆవిడకి చెప్పు బాబూ,” అంది పెద్దకోడలు.

“వాళ్ళ తీగ మీద మాకంత మోజేం లేదని ఆవిడకే చెప్పండి,” అంది చిన్నకోడలు.

“నన్నొదిలెయ్యండమ్మా. నేను న్యూట్రల్,” అన్నాడతను. ఎవరూ నవ్వలేదు.

కలిసిన చోటు గుమ్మం మీది వైరింగు పెట్టెలోనే దొరికింది. తన పొరపాటే. సిగ్గేసింది. “ఇదిగోండి, ఇలా మూడు చుట్లు చుట్టి, ఒక మడత పెట్టి, టేపేస్తాను. నా చేతి ముడి ఎక్కడున్నా గుర్తుపడతాను,” అంటూ విప్పి చూపించాడు. కూత ఆగిపోయింది.

“ఇలాంటివి ఇంకెక్కడెక్కడ ఉండొచ్చో ముందే చెప్పెయ్యి, నీకు పుణ్యముంటుంది,” అంది పెద్దకోడలు.

“రెండు వైపుల తీగలూ పక్కపక్కనే వెళ్ళే చోటల్లా ఉండొచ్చమ్మా. మోటారు పెట్టె, మెట్ల లైటు పెట్టె...”

“ఏదో ఒకటి త్వరగా తేల్చండి. ఈ ఇంట్లో ఊపిరాడటం లేదు,” అంది చిన్నకోడలు.

మర్నాడు పొద్దున్నే సర్టిఫికెట్ తెచ్చాడు. అన్నదమ్ములిద్దరి ఎదుటా మరోసారి పరీక్షించాకే సంతకం పెట్టడం అతని పద్ధతి. తీగలకి మీటరు పెట్టాడు. కుయ్!

వెతికితే మోటారు పెట్టెలో ముడి. మూడు చుట్లు, ఒక మడత, టేపు. అచ్చం తన ముడే. విప్పాడు. ఆగింది. ఆ మర్నాడు మళ్ళీ కుయ్. ఈసారి మెట్ల లైటు పెట్టెలో.

అతనికి పిచ్చెక్కినంత పనైంది. పోనీ, ఎవరైనా కావాలని కలుపుతున్నారా అనుకుంటే, ఈ ఇంట్లో కలిపేవాళ్ళెవరు? నలుగురికి నలుగురూ ఎప్పుడెప్పుడు విడిపోదామా అని చూస్తున్నవాళ్ళే. తప్పు తనదే. మతి పోతోంది. ఇంటికెళ్ళినా కాలుకాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు. “నిద్రలో కూడా కుయ్ కుయ్ అంటున్నావు, ఎవరికైనా చూపించుకో,” అంది భార్య.

“మా అన్న నీ చెవిలో ఏమూదాడు?” అన్నాడు తమ్ముడు.

“రేపు కూడా ఇదే పాటైతే వేరే మనిషిని తెచ్చుకుంటాం,” అన్నాడు అన్న.

“అదీ మాట!” అన్నాడు తమ్ముడు. ఏడాదిలో అన్నదమ్ములకి ఏకాభిప్రాయం కుదిరింది ఈ ఒక్క విషయంలోనే.

ఎలక్ట్రీషియన్‌కి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ పేరు ఈ ఇంట్లో మట్టి కొట్టుకుపోతోంది. ఆ రోజు ఒక్క పెట్టె వదలకుండా అన్నీ విప్పి చూశాడు. చెమటలు కక్కుతూ స్టూలు దిగాడు.

“ఇంకా ఏమైనా మిగిలిందా?” అంది పెద్దకోడలు.

“ఇప్పటిదాకా ముడి పడనిది బెల్లు పెట్టె ఒక్కటేనమ్మా. అదీ చూసేశాను, శుభ్రంగా ఉంది. రేపు సర్టిఫికెట్ మీ చేతిలో పెట్టి, దండం పెట్టి పోతాను.”

“బెల్లు పెట్టంటే, వీధి గుమ్మం మీదున్నదేనా?” అడిగింది చిన్నకోడలు.

“అదేనండీ. రెండు వైపులా మోగుతుంది కదా.”

“అమ్మయ్య, రేపటితో పీడ విరగడవుతుంది,” అంది పెద్దకోడలు ఇటుకల వైపు చూస్తూ.

వీధి మలుపు దాకా వెళ్ళాక జేబు తడుముకున్నాడు. టెస్టర్ లేదు. కిటికీలో మరిచిపోయాడు. తిట్టుకుంటూ వెనక్కొచ్చి బెల్లు నొక్కాడు.

మోగలేదు.

ఇప్పుడే కదా చూసి వెళ్ళింది! పక్కింట్లో మిక్సీ గిర్రున తిరుగుతోంది, కరెంటు ఉంది. ఈ ఇంట్లోనే ఎవరో మెయిన్ ఆపేశారు. గుమ్మం పక్క కిటికీలోంచి లోపలికి తొంగిచూశాడు.

చిన్నకోడలు స్టూలెక్కి రెండు తీగలూ కలిపి పట్టుకుని ఉంది, పెద్దకోడలు కింద నిలబడి ఒక చేత్తో టార్చి చూపిస్తూ, ఇంకో చేత్తో నవ్వాపుకోవడానికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, “మూడు చుట్లే తల్లీ, మడత మరిచిపోయేవు, అతను గుర్తుపట్టేస్తాడు,” అంటోంది.