ఎద్దు చిక్కం

నిద్రలో ఊపిరి ఆగిపోతుందని డాక్టరు మిషను ఇచ్చాడు. దాని ముక్కు మాస్కు అంకన్నకు సరిపడలేదు. నోరు తెరిచి పడుకునే అలవాటు. గాలంతా నోట్లోంచే పోయేది.

ఇదే జబ్బుతో నిద్రలోనే పోయిన అన్న మాస్కును వదిన ఓబులమ్మ పెట్టెలోంచి తీసిచ్చింది. అది ముక్కునూ నోటినీ కలిపి మూస్తుంది. అంకన్న పెట్టుకుంటే కొలిచి కుట్టినట్టు కూర్చుంది.

"హాయిగా ఉంది వదినా. కొత్తదాని మాదిరే ఉందే!"

"కొత్తదే నాయనా. మీ అన్న ఒక్కసారే పెట్టుకున్నాడు."

"ఏం, ఒరుసుకునిందా?"

"లేదు. వాకిట్లో పెట్టుకుని చూస్తాంటే, ఎద్దు మూతికి చిక్కం కట్టినారు చూడండ్రా అని నువ్వు వీధంతా పిలిచి నవ్వించినావు గదా. మళ్లా మూతికి తాకించలే."

అంకన్న మాస్కు తీయబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"ఉంచుకో. నేను నవ్వనులే."